కరుణమ్మ చూసిన ఒకే ఒక్క సినిమా

ఎంకపల్లిలో కరుణమ్మ నోటికి జడవనివాళ్ళు లేరు. మాట కటువు, చేయి చురుకు. ఆదివారం అందరికన్నా ముందు ఏసు గుడికి వెళ్ళి ఊడ్చి చాపలు పరిచేది ఆమే. భర్త మోషే, జంగయ్య పటేలు దగ్గర ఎడ్లబండి తోలేవాడు. వారానికి రెండుసార్లు కూరగాయలు వేసుకుని పట్నం పోయి వచ్చేవాడు. ముగ్గురు పిల్లలు పుట్టి పోగా వాళ్ళకు మిగిలింది ఎస్తేరు ఒక్కతే. పదిహేనేళ్ళ పిల్ల.

రెండో జర్మనీ లడాయి ఇంకా సాగుతున్న రోజులవి. జంగయ్య మడుల్లో కలుపు తీయడానికి ఊరికి కొత్తగా కోడలై వచ్చిన శకుంతలమ్మ రాసాగింది. పట్నంలో పెరిగిన మనిషి, హిందీ సినిమాలు చూసిన మనిషి. వంగి కలుపు తీస్తూనే ఒక సినిమా కథ ఎత్తుకుంది. అద్దాల మేడ. ఆ మేడలో ఒక జాగీర్దారు కొడుకు. అతని మీద మనసు పడ్డ బీదపిల్ల, పాటలు పాడే పిల్ల. విందులో పాడడానికి ఆ పిల్లకు జరీ పావడా కడితే, మెట్లు దిగుతుంటే దాని అంచు మూడు మెట్ల వెనక దాకా పారాడిందట. వెయ్యి దీపాల గుత్తి ఒకటి నడినెత్తిన వేలాడుతోందట. రోజుకు కొంచెం చొప్పున చెప్పేది. తల్లి వెంట కలుపుకు వచ్చే ఎస్తేరు కూడా వినేది. జాగీర్దారు ఆ పిల్లను వానలో బయటికి గెంటించిన రోజున ఆడవాళ్ళంతా చేతులకు బురద ఉండటంతో మోచేతులతో కళ్ళు తుడుచుకున్నారు.

కరుణమ్మ ఒక్కతే ఏడవలేదు. సినిమా అంటే సైతాను కొలువని పాస్టరు అయ్యగారు చెప్పారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎస్తేరు తల్లి చీర చుట్టుకుని, అంచు వెనక్కి జారవిడిచి, అరుగు మెట్లు రెండింటినీ నెమ్మదిగా దిగుతూ, రాని భాషలో ఏదో పాడుకుంటోంది. కరుణమ్మ పిల్ల చెంప మీద ఒక్కటి ఇచ్చింది. తెల్లారి పిల్లను కనకమామిడిలో మేనత్త దగ్గరికి మిరపకాయలు ఏరడానికి పంపేసింది. జాగీర్దారు కొడుకు గుర్రపు బగ్గీ ఎక్కి ఆ పిల్లను వెతుక్కుంటూ బయలుదేరిన చోట కథ ఆగి ఉంది. ఆ మిగతాది ఎస్తేరు వినలేదు.

పదిరోజులకు పిల్ల జ్వరంతో తిరిగి వచ్చింది. నాటు మందులు పట్టలేదు. చేవెళ్ళ దవాఖానకు బండిలో తీసుకుపోతే విషజ్వరమన్నారు. ఇంటికి తెచ్చాక ఒక మధ్యాహ్నం ఎస్తేరుకు తెలివి వచ్చింది.

"అవ్వా, ఆ పిలగాడు పోయి ఆమెను కలిసిండా?"

"ఏ పిలగాడు బిడ్డా?"

"గదే, శకుంతలక్క చెప్పిన కథల."

కరుణమ్మకు తెలియదు. అయినా అంది. "కలిసిండు. లగ్గం చేసుకున్నరు. మంచిగున్నరు."

"నీకెట్ల తెలుసు? చూసినవా?"

"చూసిన."

ఎస్తేరు తల్లి ముఖంలోకి చూసింది. "మరి నన్నెందుకు తోలుకపోలే?" అని అడిగింది.

కరుణమ్మ దుప్పటి సర్ది, నీళ్ళు తేవడానికి లేచింది. మర్నాడు పొద్దెక్కకముందే పిల్ల పోయింది.

సమాధి దగ్గర కరుణమ్మ ఏడవలేదు. పరలోకంలో మళ్ళీ చూస్తావు, దుఃఖపడకూడదని అయ్యగారు చెబితే తల ఊపింది. ఇంటికొచ్చినా ఏడవలేదు. మోషే పశువుల కొట్టంలో ఎద్దు మెడ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే, పోయి గడ్డి వేసి వచ్చింది. నాలుగు నెలల తర్వాత పొలంలో శకుంతలమ్మ పక్కకు వెళ్ళి నిలబడింది.

"ఆ కథ ఆఖరుకు ఏమైతది?"

శకుంతలమ్మ బెదిరింది. "తిడతవా అత్తా?"

"తిట్ట. చెప్పు."

"అతను వచ్చేసరికి ఆమె సచ్చిపోతది."

ఆ రాత్రి అన్నం పెడుతూ మోషేతో అంది. "ఆ సినిమా పట్నంల ఇంక నడుస్తున్నదా? నేను చూడాలె. చూసిన అని బిడ్డకు చెప్పిన."

మోషే పట్నం పోయినప్పుడల్లా వాకబు చేశాడు. ఆడి వెళ్ళిపోయిన ఆ సినిమా బొమ్మ చలికాలంలో మళ్ళీ వచ్చింది. భార్యను వంకాయ బస్తాల మీద కూర్చోబెట్టుకుని, గండిపేట దాటించి తీసుకుపోయాడు.

టాకీసులో ఆడవాళ్ళు కూర్చునే చోటు పరదా వెనక ఉంది. దీపాలు ఆర్పి పరదా పక్కకు లాగారు. సైతాను కొలువు చూడబోతున్నానని గుండె బిగబట్టుకున్న కరుణమ్మకు తెల్లటి మేడ కనబడింది. పాలరాతి మెట్లు, నీళ్ళు చిమ్మే ఫౌంటెను, నడినెత్తిన వెయ్యి దీపాల గుత్తి. అయ్యగారు ఎన్ని ఆదివారాలు చెప్పినా పరలోకం ఎట్లా ఉంటుందో ఆమె మనసుకు ఎన్నడూ రాలేదు. ఇప్పుడు వచ్చింది. ఇట్లాంటి చోట ఉంటే నా బిడ్డ మంచిగానే ఉంటది అనుకుంది. తెర మీద పాటల పిల్ల పావడా జీరాడుతూ మెట్లు దిగింది. కరుణమ్మకు ఇంటి అరుగు గుర్తొచ్చింది. మెట్లు రెండే, ఎస్తేరు దిగిన మెట్లు. తాను కొట్టిన చెంప.

చివరికి బగ్గీ వచ్చి ఆగింది. పిల్ల కళ్ళు మూసింది. "ఎస్తేరూ!" అని కరుణమ్మ పెట్టిన కేకకు ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగారు. పక్కన బురఖాలో ఉన్న పెద్దావిడ ఆమె భుజం పట్టుకుంది.

"రోవో నక్కో అమ్మా, ఏడవకు. ఖేల్ హై. ఉత్త ఆట."

"మేరీ బేటీ" అంది కరుణమ్మ, తనకు వచ్చిన నాలుగు ఉర్దూ ముక్కల్లోంచి వెతుక్కుని. "మర్ గయీ. సచ్చిపోయింది."

ఆవిడ దీపాలు వెలిగేదాకా ఆ భుజం వదల్లేదు.

సంగతి వారంలోపే ఊరికి తెలిసింది. సంఘ పెద్ద సాముయేలు ఆమెను గుడిలో లేచి నిలబడి పాపం ఒప్పుకోమన్నాడు. కరుణమ్మ లేచింది.

"సినిమా చూసుడు పాపమో కాదో నాకు తెల్వదు. సచ్చిపోయే బిడ్డకు అబద్ధం చెప్పిన. లేచి కూసుంటే నిన్ను తోలుకపోత అన్న ఒక్క మాట చెప్పలేకపోయిన. దానికే క్షమాపణ అడుగుతున్న."

సాముయేలు భార్య విమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారు పుస్తకంలోకి తల దించుకున్నారు. అయినా కట్టుబాటు కట్టుబాటే. ఆరు నెలలు ఆమెకు ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం ఇవ్వలేదు. ఆ ఆరు నెలలూ ఆమె చాపలు పరిచి, పోయి వెనక వరసలో కూర్చుంది.

మళ్ళీ సినిమాకు పోలేదు. మోషే ఒకటి రెండుసార్లు అడిగితే తల అడ్డంగా ఊపింది. కానీ ఆ రోజు టాకీసులో తెగిన కన్నీళ్ళకు మళ్ళీ కట్ట పడలేదు. పొయ్యి రాజేస్తూ, నీళ్ళు చేదుతూ, కలుపు తీస్తూ ఉన్నట్టుండి ఏడుపు వచ్చేది. మడిలో అట్లాగే వంగి ఉండిపోయేది. అప్పుడు మునుం పట్టి వరసగా కలుపు తీసే ఆడవాళ్ళు ఒక్కరూ ముందుకు జరిగేవాళ్ళు కాదు. పటేలు గట్టు మీద నుంచి అరిచినా సరే, ఆమె కళ్ళు తుడుచుకుని తమ వరసకు వచ్చేదాకా చేతుల్లో కలుపు పట్టుకుని నిలబడేవాళ్ళు.