కేక్ మీద పట్టని ప్రైమ్ నంబర్

మొన్న శనివారం మా ఆవిడ పుట్టినరోజు. కేక్ నేనే చేయించా. ఆ కేక్ వల్ల నలభై ఏళ్ళ వయసులో నాకేం గతి పట్టిందో వినండి!

మా ఆవిడ శైలజ ఎమ్మెస్సీ మ్యాథ్స్. ఇంట్లో ట్యూషన్లు చెప్తుంది. హోసూర్ రోడ్డులో ట్రాఫిక్ ఆగితే చాలు, ముందున్న బండి నంబర్ చూసి "ఏమండీ, ఇది పదమూడుతో పోతుంది!" అని మురిసిపోతుంది. పోయిన నెల బొమ్మనహళ్ళి సిగ్నల్ దగ్గర చిరాకులో అనేశా: "అది పోతే పోనీ, మనం ఇక్కణ్ణుంచి ఎప్పుడు పోతామో చెప్పు!"

అంతే. ఆ రోజు నుంచి కార్లో నంబర్ల మాటే లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. ఆ మౌనం కంటే హారన్ల మోతే నయం అనిపించింది.

సారీ చెప్పాలి. ఎలా? ఆఫీసులో లంచ్ టైమ్‌లో నెట్ అంతా వెతికితే దొరికిందండీ ఒక అద్భుతం! 12345678910987654321. ఒకటి నుంచి పది దాకా ఎక్కి, మళ్ళీ ఒకటి దాకా దిగుతుంది. ఇరవై అంకెలు. పైగా ప్రైమ్ నంబర్! ఒకటితో, దానితో తప్ప దేనితోనూ పోదు.

బేకరీకి పరిగెత్తా. అక్కడి కన్నడాయన నా నంబర్ చీటీ చూశాడు, కేక్ చూశాడు. "ఇష్టు ఉద్ద హిడియల్ల సార్! ఇంత పొడుగు పట్టదు. మధ్యలో పది తీసేద్దాం. తొమ్మిది రెండుసార్లు ఎందుకు, ఒకటి చాలు."

మూడంకెలేగా, ఎవరు చూస్తారు? "సరే, కానీ" అన్నా.

సాయంత్రం కాటన్‌పేట నుంచి మా అత్తగారు వచ్చారు. క్యాండిల్ వెలిగించి స్పీచ్ ఎత్తుకున్నా. "శైలూ, ఈ నంబర్‌ని ఎవరూ భాగించలేరు. మనిద్దరి మధ్యకి కూడా ఎవరూ..."

అత్తగారు అప్పటికే వేళ్ళు మడుస్తున్నారు. బట్టల అంగడిలో ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషి! "అన్నీ కూడితే ఎనభై ఒకటి ఉండాది. తొమ్మిదితో పోతాది కదప్పా!"

శైలజ కేక్ మీదికి వంగింది. పెదాలు కదులుతున్నాయి. గభాల్న పెన్ను తీసి కేక్ డబ్బా మూత మీద తొమ్మిది ఒకట్లు రాసింది.

"ఏమండీ! 111111111ని దాంతోనే గుణిస్తే ఇదే వస్తుంది! పర్ఫెక్ట్ స్క్వేర్!"

నవ్వుతోంది. నెల తర్వాత, పగలబడి నవ్వుతోంది!

బేకరీ సంగతంతా చెప్పేశా. సిగ్నల్ దగ్గర అన్న మాటకి సారీ కూడా చెప్పా.

"నా కోసం నంబర్ వెతికారా?" అంది మెల్లగా. క్రీమ్ అంటిన చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. అక్కడితో అయిపోయిందనుకున్నా.

"అసలు నంబర్ ఈ మూత మీదే రాయండి."

రాసిచ్చా.

"ఇది ప్రైమ్ అని మీకెలా తెలుసు?"

"నెట్‌లో ఉంది."

"ఉంటే? మీరు భాగించి చూశారా?"

ఆదివారం పొద్దున్నే కొత్త నోట్‌బుక్ తెచ్చి నా పక్కన కూర్చుంది, భుజానికి భుజం ఆనించి. మూడుతో పోలేదు. ఏడుతో పోలేదు. నేను భాగిస్తుంటే ఒక్కో శేషానికీ తనే టిక్ పెడుతోంది, తప్పొస్తే చెవి మెలిపెడుతోంది. ఇవాళ్టికి నలభై మూడు దాకా వచ్చాం.

మీలో ఎవరికైనా నలభై ఏడో ఎక్కం వస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి!