పావు మాత్ర దాకా

కమలమ్మకు తెలుగు చదవడం రాదు, అరవమూ రాదు. గుండ్రాలు చదవడం వచ్చు. నల్లగా నింపిన గుండ్రమంటే ఒక మాత్ర, సగం నింపితే అర. వేలూరు పక్కన బాగాయం ఆస్పత్రిలో డాక్టరమ్మ గీసిచ్చిన ఆ కాగితం గుడియాత్తంలో వాళ్ళ ఇంటి గోడకు, మగ్గం పక్కన, మేకుతో కొట్టి ఉండేది. నూలు దుమ్ము పేరుకుని గుండ్రాలకు బూజు పట్టినట్టు కనిపించేది.

ఆమె పుట్టింది చిత్తూరు దగ్గర. పెళ్ళైన ఏడేళ్ళకు పుట్టిల్లు ఆంధ్ర రాష్ట్రంలోకి పోయింది, అత్తిల్లు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అన్నల ఉత్తరం చదివి చెప్పేవాళ్ళు వీధిలో ఒకరిద్దరే మిగిలారు. ఆ సంగతికి బాధపడే తీరిక ఆమెకు దొరకలేదు. యాభై ఏడులో, గాలికి దుమ్ము లేచే ఆడి మాసంలో, భర్త కన్నప్పకు గోడలు మాట్లాడటం మొదలైంది. మగ్గంలో నాడె అటూ ఇటూ పోయిన ప్రతిసారీ ఎవరో తన పేరు పలుకుతున్నారని అతను చెవులు మూసుకునేవాడు.

బాగాయం ఆస్పత్రిలో రోగితోపాటు ఇంటిమనిషి ఒకరు ఉండాలన్నారు. కమలమ్మ రెండు నెలలు అక్కడే గంజి కాచుకుంటూ ఉండిపోయింది. రోజుకు రెండు తెల్ల మాత్రలు. గోడల మాటలు ఆగాయి. అతని చేతులు కూడా దాదాపు ఆగిపోయాయి.

లుంగీల పడుగు అయిపోయినప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగును వేళ్ళతో పేనాలి. అచ్చు అతకడమంటారు. వెయ్యికి పైగా పోగులు, ఒక్కొక్కటే. కన్నప్ప ఒకప్పుడు ఆ పని కళ్ళు మూసుకుని చేసేవాడు. ఇప్పుడు వేళ్ళు వణికి పోగు జారిపోయేది. కమలమ్మ అతుకుతుంటే అతను గడప మీద కూర్చుని చూసేవాడు.

“నోరు ఎండిపోతాండాది. చెయ్యి నా మాట వినదు. నేను మనిషినా, మొద్దునా కమలా?”

“గోడతో మాట్లాడేదానికంటే ఇది మేలు కదయ్యా” అనేది ఆమె. అన్నాక రోజంతా ఆ మాట ఆమెనే గుచ్చేది.

నాలుగేళ్ళు అలాగే గడిచాయి. అరవై ఒకటిలో గంగమ్మ జాతరకు కన్నప్ప అక్క చెంగమ్మ కాపు కట్టడానికి వచ్చింది. కాపు అంటే పసుపు దారం. అది మణికట్టు మీద ఉన్నన్ని రోజులూ ఆ వంశంలో ఎవరూ మందు ముట్టరు. జ్వరమొచ్చినా వేపాకు నీళ్ళే.

“ఆ మాత్రల డబ్బా లోపల పెట్టు కమలా. ఇంక అమ్మ చూసుకుంటాది” అంది చెంగమ్మ.

డబ్బాను అటక మీద పెట్టింది కమలమ్మే. తప్పు చెంగమ్మదని తర్వాత ఎవరన్నా ఆమె ఒప్పుకునేది కాదు. అతని చేతులు తిరిగి రావాలని ఆమెకూ ఆశే.

వారం తిరిగేసరికి చేతులు వచ్చాయి. వణుకు తగ్గింది. కన్నప్ప ముఖంలోకి ఎప్పటివో నవ్వులు వచ్చి వాలాయి. కాపు విప్పాక కూడా డబ్బా అటక మీదే ఉంది. నిద్ర పట్టడం లేదని అతను చెప్పలేదు. పని ఉత్సాహం కాబోలని ఆమె అనుకుంది.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం ఆమె నూలు తెచ్చేందుకు వెళ్ళి తిరిగొచ్చేసరికి, అతను నిండు పడుగును కత్తితో అడ్డంగా కోసి, తెగిన పోగుల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

“ఇందులో దాక్కోనుండారు” అన్నాడు మెల్లగా. “నువ్వు కూడా వాళ్ళ మనిషివేనా?”

మళ్ళీ బాగాయం. ఎవరు ఆపమన్నారని డాక్టరమ్మ అడగలేదు. ఆమెది తమిళం కలిసిన తెలుగు.

“ఆపాలని ఆశపడింది తప్పు కాదమ్మా. ఒక్క దినంలో ఆపిందే తప్పు. ఒళ్ళు మందుకు అలవాటు పడి ఉండాది. ముందు మునుపటి మాదిరే వేసుకోనీ. ఒక ఏడాది నెమ్మదిగా ఉంటే, అప్పుడు నేనే తగ్గిస్తా. ఒక పడుగు నేసేదానికి ఎన్ని దినాలు?”

“నెల అవుతాదమ్మా.”

“సరి. అయితే రెండు పడుగులకు ఒకతూరి పావు మాత్ర తగ్గిద్దాం. నువ్వు నిద్ర చూడు. రెండు దినాలు సరిగా నిద్రపోకుంటే, నీ అంతట నువ్వేమీ చెయ్యొద్దు. నా దగ్గరికి రా.”

ఏడాది తర్వాత కమలమ్మ నూలు కోసే బ్లేడుతో మాత్రను నాలుగు ముక్కలు చేయడం నేర్చుకుంది. ముక్కలు సమంగా రాకపోతే మళ్ళీ ఒక మాత్ర తీసేది. ఇద్దరి ప్రాణమూ ఆ బ్లేడు అంచున ఉన్నట్టు ఊపిరి బిగబట్టేది. రాత్రుళ్ళు పక్కనే పడుకుని అతని ఊపిరి వినేది. అది చెరువు మీద గాలిలా నిదానంగా సాగితేనే ఆమె కళ్ళు మూసేది.

ఒకటిన్నరకు దిగాక కన్నప్పకు తొందర పుట్టింది.

“ఇంకో పావు కొయ్యి. బాగుండాను కదా.”

“రెండు పడుగులు కానీ.”

“నువ్వు డాక్టరమ్మకంటే పెద్ద డాక్టరమ్మవి.”

“అవును. సంతకమే రాదు.”

అరవై మూడు జాతరకు చెంగమ్మ మళ్ళీ దారం పట్టుకుని వచ్చింది. అప్పటికి ఒక మాత్ర నడుస్తోంది.

“మాత్ర మింగే చేతికి కాపు కట్టేది లేదు” అంది.

“కట్టొద్దులే వదినా.”

“ఏమ్మే, ఆ తెల్లగింజ గంగమ్మకంటే గొప్పదైపోయిందా నీకు?”

“ఆ పొద్దు ఆయన పడుగు కోసినప్పుడు నువ్వు యాడుండావు వదినా?”

చెంగమ్మ దారాన్ని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడు ఊరంతా అమ్మవారి వెంట కదిలిపోతుంటే కన్నప్ప బోసి మణికట్టును పంచెలో దాచుకుని గడప లోపల నిలబడ్డాడు. చుట్టాలెవరూ వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగలేదు.

అర మాత్రకు వచ్చాక ఒక ఉదయం అతను అచ్చు ముందు కూర్చుని నలభై పోగులు అతికాడు. నలభై ఒకటోది జారింది. ఇంకో రెండు పడుగులకు పావుకు దిగారు. చివరి పావు కూడా మానేసిన తొమ్మిదో రోజు, పక్కింటివాళ్ళు తన గురించే దగ్గుతున్నారన్నాడు. ముందు రెండు రాత్రులూ అతను నిద్రపోలేదు. కమలమ్మ మగ్గం వదిలేసి మొదటి బస్సుకే అతన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

“పావు మళ్ళా మొదలుపెడదాం” అంది డాక్టరమ్మ. “ఇది ఓడిపోయేది కాదప్పా. కొందరికి ఇంతే కావాలేమో. ఇక్కడే నిలిచి చూద్దాం.”

“ఎన్నాళ్ళు?” అన్నాడు కన్నప్ప.

“తెలీదు.”

నెల తర్వాత రమ్మంటే వెళ్ళారు. చేతులు పూర్తిగా బాగుపడలేదు, పాడూ కాలేదు. నిద్ర పడుతోందా అని డాక్టరమ్మ అడిగింది.

“నాకు పడతాండాది. దీన్ని అడగండమ్మా” అన్నాడు కన్నప్ప. “మూడేండ్లుగా ఇది నిద్రపోయింది నేను చూడలేదు. నేను నిద్రపోతాండానని ఇది అనుకుంటాది.”

అతను కళ్ళు మూసుకుని ఊపిరి నిదానంగా తీసింది తన కోసమేనా, ఎన్ని రాత్రులు అలా అని కమలమ్మకు భయమేసింది. ఇంతకాలం లెక్కపెట్టిన నిద్రలో ఎంత నిజమో ఎవరు చెబుతారు?

వేలూరులో బస్సెక్కిన కాసేపటికే ఆమె తల అతని భుజం మీదకు వాలింది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి ఆమె రెప్పల మీద ఆగింది. కన్నప్ప భుజం కదపలేదు.

గుడియాత్తంలో అందరూ దిగిపోయారు. కండక్టరు దగ్గరికి వచ్చాడు.

“దిగలేదేమప్పా? ఈ బండి పేర్ణాంబట్టు పోతాది.”

“మెల్లగా మాట్లాడు నాయనా” అన్నాడు కన్నప్ప. “ఆడికే రెండు టిక్కెట్లియ్యి.”