గట్టు కోత సంగతి చెప్పిన మాస్టారు

మా పై అంతస్తులో ఉండే మాస్టారు మొన్న మంగళవారం పోయారు. గుండెపోటు. ఇక్కడి హైస్కూల్లో అమెరికన్ పిల్లలకు అమెరికా చరిత్ర చెప్పిన తెలుగాయన. మా ఊరు పార్సిప్పనీలో ఆయన దగ్గర చదివిన పిల్లలు మీ ఇళ్లలోనూ ఉండొచ్చు. కబురు విన్నప్పటి నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఏడుపు కూడా కుదురుగా రావడం లేదు.

మా అబ్బాయి నేవీలో ఉన్నాడు. ఈ పంతొమ్మిది వందల ఎనభై ఏడు వేసవిలో వాడి ఓడను గల్ఫ్‌కు పంపారు. ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్నాయి, మనది చమురు ఓడలకు కాపలా మాత్రమే అన్నారు. "మనం న్యూట్రల్ కదా మాస్టారూ, ఏం ఫర్వాలేదు కదా?" అని అడిగాను.

ఆయన ఉత్తుత్తి ధైర్యం చెప్పే మనిషి కాదు. "ఆ మాట తెలుగులో అను" అన్నారు. తటస్థం అన్నాను.

"తటం అంటే గట్టు. గట్టు మీద నిలబడ్డవాడు తటస్థుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ దేశం చాలాకాలం గట్టు మీదే ఉన్నానంది. ఉంటూనే ఒక పక్షానికి సరుకులు పంపింది, అప్పులిచ్చింది. దాంతో రెండో పక్షంవాళ్లు ఈ దేశం ఓడల్ని ముంచారు, చివరికి ఇదీ యుద్ధంలో దిగింది. ఎవరూ కావాలని దూకరమ్మాయ్, కాళ్ల కింద గట్టే కోసుకుపోతుంది."

నాకు ఒళ్లు మండింది. "కొడుకు ఓడ మీదున్న తల్లితో అనే మాటేనా ఇది?" అని లేచి వచ్చేశాను.

మర్నాడు ఫోన్ చేశారు. "అమ్మాయ్, న్యూస్ నువ్వు చూడకు. నేను చూసి చెప్తాను." అప్పటి నుంచి రోజూ టీవీలో సాయంత్రం ఆరున్నర వార్తలు అయిపోగానే ఫోన్ చేసి "వంట చేసుకో" అనేవారు. అంతే, పెట్టేసేవారు. ఆ మాట వినేదాకా పొయ్యి మీద ఏం మాడుతున్నా నాకు తెలిసేది కాదు.

ఒకరోజు ఫోన్ రాలేదు. మోకాళ్ల నొప్పుల మనిషి, చెప్పులైనా లేకుండా మెట్లు దిగి వచ్చారు. మన కాపలాలో వెళ్తున్న చమురు ట్యాంకరుకు నీళ్లలో పెట్టిన మైన్ తగిలి పేలిందట. "మనవాడి ఓడకేం కాలేదు. ఫోన్లో చెప్తే నమ్మవని వచ్చాను" అన్నారు. కాఫీ ఇస్తే సగం తాగి, అటూ ఇటూ తిరిగి, "నాకూ కూర్చోబుద్ధి కావడం లేదమ్మా" అన్నారు. ఆయన మీద నాకున్న కోపమంతా అప్పుడే పోయింది.

నిన్న మావాడు ఏదో పోర్ట్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, ఐయామ్ ఓకే. అంకుల్‌కి చెప్పు" అన్నాడు. మాస్టారు పోయిన సంగతి వాడికింకా తెలియదు. చెప్తాలే అన్నాను.

ఇవాళ ఆరున్నరకు టీవీ నేనే పెట్టాను. వినే ధైర్యం చాలక సౌండ్ తీసేశాను. తెర మీద గల్ఫ్ మ్యాపు, పక్కన వార్తలు చదివే ఆయన పెదాలు కదులుతున్నాయి. ఎక్కడైనా నవ్వితే ఇక వంట చేసుకోవచ్చని ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను.