రెండు గీతల పెళ్ళి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను పలాసలోని కేన్సర్ పరీక్షల విభాగానికి డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను టెక్కలిలో హెడ్ నర్సును. వంశంలో వచ్చే కేన్సర్ ముప్పును రక్తంలో కనిపెట్టే జన్యు పరీక్ష అక్కడ అప్పుడే మొదలైంది. రక్తం తీసి, ఊదారంగు మూత గొట్టంలో పోసి, ఐసు పెట్టెలో విశాఖ పంపడం సగం పని. మిగతా సగం వంశవృక్షం గీయడం. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, జబ్బు పడినవాళ్లకు లోపల నలుపు. భార్యాభర్తల మధ్య ఒక గీత. వాళ్లు రక్తసంబంధీకులైతే రెండు. ఆ పని నాకు భలే ఇష్టంగా ఉండేది. కవిటి నుంచి, కంచిలి నుంచి ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు నా బల్ల చుట్టూ చేరి మూడు తరాల ముచ్చట్లు చెప్పేవారు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో రక్తం తీశారంటే కిడ్నీ కోసమే అనుకుంటారు. కాదని నచ్చజెప్పడానికే ఒక పూట పట్టేది. ఆ కబుర్లన్నీ ఇప్పుడు తలచుకుంటే బెంగగా ఉంటుంది.

దమయంతిది వజ్రపుకొత్తూరు వైపు మత్స్యకార కుటుంబం. ముప్పై నాలుగేళ్లకే రొమ్ము కేన్సర్‌కు ఆపరేషన్ అయింది. అంత చిన్న వయసులో వచ్చింది కాబట్టి డాక్టరుగారు జన్యు పరీక్ష రాశారు. ప్రతిసారీ ఆమె వెంట భర్త అక్క రాజేశ్వరి క్యారేజీ పట్టుకుని వచ్చేది. ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని దమయంతిని అడిగాను.

"మాయత్త రొమ్ములో గడ్డతోనే పోనాదమ్మా," అంది.

పెళ్లయిన మనిషి అత్త అంటే అత్తగారే కదా అనుకున్నాను. భర్త వైపు సున్నా గీసి నలుపు నింపాను. దమయంతికీ భర్తకూ మధ్య ఒక్క గీతే గీశాను. తనూ రక్తం ఇవ్వాలా అని రాజేశ్వరి అడిగింది. మీ అమ్మకు వచ్చినట్టు ముసలితనంలో వచ్చిన గడ్డ ఒక్కదానికి ఈ పరీక్ష రాయరు. పైగా నీదీ దమయంతిదీ వేరే రక్తం, నీకు అక్కర్లేదు అని చెప్పి పంపేశాను.

నెల తరువాత దమయంతి జన్యువులో లోపం ఉందని తేలింది. అది ఏ వైపు నుంచి వచ్చిందో చూడాలి. తల్లి రక్తంలో లేదు. గుజరాత్ బోట్ల మీద వేటకు వెళ్లిన తండ్రి మరో రెండు నెలలకు గానీ రాలేదు. ఆయన రక్తం తీస్తూ తోబుట్టువుల గురించి అడిగాను. అక్కడ అప్ప అంటే అక్క.

"ఒక అప్పుండేది, పోనాది. ఆయప్ప కొడుక్కే కదమ్మా మా పిల్లనిచ్చినాను," అన్నాడాయన.

నాకు సిగ్గేసింది. మేనరికం! నా పెళ్లీ మేనరికమే, అయినా తట్టలేదు. చనిపోయిన ఆ అత్తగారు దమయంతికి సొంత మేనత్త. ఆమెలోనూ ఆ లోపం ఉండి ఉంటే, కూతురు రాజేశ్వరికి వచ్చే అవకాశం సగానికి సగం. ఆమెనే నేను వెనక్కి పంపాను.

మర్నాడే ఐసు పెట్టెతో వాళ్ల ఊరు వెళ్లాను. రాజేశ్వరి ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. సంగతంతా చెప్పాను.

"ఏటి సిస్టరమ్మా, వేరే రగతమని నువ్వే కదేటి సెప్పినావు?" అంది.

తప్పు నాదేనన్నాను. ఆమె చేతులు కడుక్కుని, పకపకా నవ్వి, "అయితే తియ్యి" అని చెయ్యి చాపింది. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆమె రక్తంలోనూ అదే లోపం కనబడింది. స్కానింగులో శనగ గింజంత గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేశారు, మనిషి కోలుకుంది. మూడు నెలల ముందు ఆ గడ్డ ఎంత ఉండేదో డాక్టరుగారు చెప్పలేదు, నేనూ అడగలేదు.

పాత వంశవృక్షం చించలేదు. దాని మీదే ఎర్ర ఇంకుతో రెండో గీత గీసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. కొత్తగా చేరిన నర్సులకు ఆ కాగితమే చూపించేదాన్ని. మన వరసలు పిలుచుకోవడానికి పనికొస్తాయి, పరీక్షకు చాలవు. అత్త అన్నా, మావ అన్నా, వదిన అన్నా, ఆ మనిషి ఎవరి కడుపున పుట్టిందో అడిగిన తరువాతే "నీకు అక్కర్లేదు" అన్న మాట అనాలి.