తుమ్మెద పెంచలయ్య

ఒక మోతను గుండెలో పెట్టుకుని ఇన్నేళ్ళు తిరిగాను. ఇవాళ మీ దగ్గర దించుకుంటున్నాను. నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది.

రేపు ఉదయగిరి దగ్గర, మా అమ్మ పుట్టిన ఊరి చెరువును డ్రోన్‌తో సర్వే చేయబోతున్నాను. నిజం చెప్పాలంటే రెండు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. పైలట్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. డ్రోన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు అంటించాను. మ్యాపులో ఆ చోటు పచ్చగా ఉంది, అంటే ఎగరేయవచ్చు. రెక్కలు తడిమి చూశాను, ఎక్కడా పగులు లేదు. ఆత్మకూరులో నా ఫోటో స్టూడియో మూసేసి, ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీల ముందు, పొయ్యి మీద పాయసం ఉడుకుతుంటే కాచుకున్న పిల్లాడిలా కూర్చున్నాను. ఇక మిగిలింది ఒక్కటే. కింద తిరిగే మనుషులకు, గొర్రెల కాపరులకు ముందుగా చెప్పడం.

ఆ ఒక్కటే నా వల్ల కాలేదు.

ఎందుకంటే కొన్నేళ్ళ కిందట, ఈ జాగ్రత్తలేవీ లేకుండా, ఎవరికీ చెప్పకుండా, ఒక పాత డ్రోన్‌ను కొని అక్కడే కొండవార లేపాను. అబ్బ, ఆ సంబరం! కొండ మొత్తం నా అరచేతిలోకి వచ్చినట్టుంది. తెర మీద గొర్రెల మంద కనిపించింది. దగ్గరగా చూద్దామని కిందికి దించాను. మంద బెదిరి, బండల మీద నుంచి లోయలోకి దూకింది. నేను డ్రోన్‌ను సంచిలో వేసుకుని వచ్చేశాను.

మందను కాస్తున్నది పెంచలయ్య మామ. గొర్రెలు ఊరివాళ్ళవి. కొండంత తుమ్మెద వచ్చి మంద మీద పడిందని ఆయన మొత్తుకున్నాడు. అప్పటికి ఆ ఊళ్ళో డ్రోన్ మోత ఎవరూ విని ఎరగరు. తాగి నిద్రపోయి కథలు చెబుతున్నాడన్నారు. టీ అంగడి దగ్గర ‘తుమ్మెద పెంచలయ్య’ అని మొదట అన్నది నేను. అందరికంటే గట్టిగా నవ్విందీ నేనే. భయపడ్డానా? భయమే అయితే నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా, పేరెందుకు పెట్టాను? నవ్వేవాడిని ఎవరూ అనుమానించరని, సిగ్గులేని నా బుర్రకు ఆ క్షణంలోనే తట్టింది కాబట్టి. ఆ తర్వాత ఆయనకు ఎవరూ గొర్రెలు అప్పగించలేదు. పిల్లలు ఇప్పటికీ ‘జుం’ అంటూ ఆయన వెంట పడతారు.

ఇవాళ పొద్దున డ్రోన్ తీసుకుని ఆయన ఇంటికి పోయాను. వాకిట్లో పెట్టి రెక్కలు తిప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఇదేరా. ఆ పొద్దు ఇన్నింది ఇదే,” అన్నాడు.

“నాదే మామా. పేరు పెట్టింది కూడా నేనే.”

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“నాకెందుకు చెప్తా ఉండావు? నేను ఇన్నాను గదా. ఇననోళ్ళకి చెప్పు,” అని లోపలికి పోయాడు.

రేపు ఎగరేసే ముందు ఊరికి మైకులో చెప్పాలి, గొర్రెలను అటు తోలవద్దని. ముందు తుమ్మెద ఎవరిదో చెబుతాను. చెప్పాక చెరువు గట్టు మీదికి నన్ను రానిస్తారో లేదో. రానివ్వకపోయినా సరే, ఆ మాట మాత్రం మైకులోనే చెబుతాను. బ్యాటరీలు నిండాయి.