పుల్లీ మీద తప్పు గీత

నా చిన్నప్పుడు బడి వదలగానే ఇంటికి కాకుండా సూరత్ లింబాయత్‌లో ఉన్న మా మామ షెడ్డుకే పోయేదాన్ని. అమ్మా నాన్నా ఇద్దరూ పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవారు. వాళ్లు వచ్చేదాకా మా అమ్మకు అన్న అయిన ఆయనే నన్ను చూసుకునేవాడు. మామ కూడా కరీంనగర్ నుంచి మగ్గాల పనికే సూరత్ వచ్చాడు. ఆ మోత కంటే ఇంజన్ మోతే నయమని మెకానిక్ అయ్యాడట.

ఆ ఏడాది ఒక గుజరాతీ మాస్టారు తన తండ్రి వాడిన పాత నల్ల కారును తెచ్చి మామకు అప్పగించారు. ఏళ్ల తరబడి కోళ్లు గుడ్లు పెట్టిన బండి అది. మాస్టారి తల్లి కొత్త పెళ్లికూతురుగా అత్తవారింటికి వచ్చింది అందులోనే. ఇప్పుడు ఆమెకు చూపు మందగిస్తోంది. అది పూర్తిగా పోకముందే ఒక్కసారి ఆ కారులో తాపీ నది వంతెన దాటి, పుట్టిన ఊరు చూసి రావాలని ఆమె కోరిక. మామ నెలల తరబడి ఆ కారు మీదే పడ్డాడు. దొరకని సామాన్లు పాత ఇనుప బజారులో వెతికి తెచ్చాడు. ఇంజన్‌కు పెట్రోలునూ గాలినీ కలిపి అందించే కార్బురేటర్‌ను మాత్రం ఎదురు షెడ్డు మెకానిక్ చాచాకు ఇచ్చాడు. ఆ పనిలో చాచాను మించినవాడు లేడని సందంతా అనుకునేది.

మొదటిసారి బయలుదేరిన రోజు ముసలమ్మ పక్కన నేనూ కూర్చున్నాను. చదును రోడ్డు మీద బండి చక్కగానే నడిచింది. వంతెన ఎక్కుతుండగా, డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు ఇంజన్‌లో టకటకమని చప్పుడు మొదలైంది. బలం చాలక, వేడెక్కి, సగం ఎత్తులో ఆగిపోయింది. ముసలమ్మను ఆటోలో ఇంటికి పంపాల్సి వచ్చింది. ఆమె దిగేటప్పుడు కారు తలుపును ఒకసారి చేత్తో నిమిరి వెళ్లిపోయింది.

ఇంజన్ ముందు తిరిగే పుల్లీ మీద ఒక గీత ఉంటుంది. పెట్రోలును మండించే స్పార్క్ సరైన క్షణంలో పడుతోందా లేదా, అంటే టైమింగ్ సరిగ్గా ఉందా అన్నది, లైటు కొట్టి ఆ గీతను బట్టి చూస్తారు. మామ చూశాడు. గీత ఉండాల్సిన చోటే ఉంది. ఇంకేముంది, తప్పు కార్బురేటర్‌దేనని తేల్చేశాడు. సందులో పదిమంది వింటుండగా చాచాను పని రానివాడన్నాడు. చాచా దాన్ని మళ్లీ విప్పి, కడిగి, బిగించి ఇచ్చాడు. అయినా చప్పుడు పోలేదు.

“నాది సాఫ్ ఉంది భాయ్. జర టైమింగ్ చూడు,” అన్నాడు.

“గీత మీదనే ఉన్నది. నా పని నాకే నేర్పుతున్నవా?” అని మామ అరిచాడు.

ఆ వారం చాచా దగ్గరికి రావాల్సిన బండ్లు రెండు వేరే షెడ్డుకు పోయాయి. రోజూ నా చేతిలో చిక్కీ ముక్క పెట్టే మనిషి మా వైపు చూడటం మానేశాడు.

ఆదివారం పొద్దున మామ ఆ కారు ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత లేచి ప్లగ్గులన్నీ విప్పి నన్ను పిలిచాడు. “బిడ్డా, గీ మొదటి బొక్క మీద వేలు పెట్టు. గాలి తంతే చెప్పు,” అన్నాడు. హ్యాండిల్‌తో ఇంజన్‌ను మెల్లగా తిప్పుతుంటే నా వేలి కింద గాలి ఉబికింది. అప్పుడు చీపురులోంచి పొడవాటి ఈనె తీసి ఆ రంధ్రంలో దించి, వదులుగా పట్టుకోమన్నాడు. లోపలి పిస్టన్‌తో పాటు ఈనె పైకి లేస్తోంది. అది ఆగగానే చెప్పాను, పుల్లీ మీద సుద్దతో గుర్తు పెట్టాడు. దిగడం మొదలవగానే చెప్పాను, ఇంకో గుర్తు పెట్టాడు. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు ఆ రెండింటికీ నడిమధ్య ఉంటుంది. అసలు గీత అక్కడ లేదు. నా చిటికెన వేలి మందమంత పక్కన ఉంది.

మూడుసార్లు చేయించాడు. మూడుసార్లూ అంతే వచ్చింది.

“ఏమైంది మామా?” అన్నాను.

“పుల్లీ నేను తెచ్చిందే బిడ్డా. వేరే ఇంజన్‌ది. గీత చూసి నమ్మిన, ఇంజన్‌ను అడగలే,” అన్నాడు. నాకు అర్థం కాలేదని గ్రహించి, “ఉయ్యాల నీ దిక్కు వస్తుండంగనే ఎదురు తోస్తే ఏమైతది? చెయ్యి నొస్తది, ఉయ్యాల ఆగుతది. స్పార్క్ ముందే పడితే గట్లనే,” అన్నాడు.

కొత్త గుర్తును బట్టి టైమింగ్ సరిచేసి, బరువు కోసం కారులో బస్తాలు వేసుకుని వంతెన ఎక్కి వచ్చాడు. చప్పుడు లేదు. వెంటనే మాస్టారికి కబురు పంపుతాడనుకున్నాను. పంపలేదు. సాయంత్రం సందులో వాళ్లంతా చాయ్ దగ్గర చేరేదాకా ఆగి, నా చెయ్యి పట్టుకుని చాచా ముందుకు నడిచాడు. ఆయన చెయ్యి చెమటతో తడిసి ఉంది.

“చాచా, తప్పు నాది. నేను తెచ్చిన పుల్లీది. నిన్ను అందరి ముంగట అన్న, గందుకే అందరి ముంగట చెప్తున్న.”

చాచా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, “గీత ఎంత తప్పింది?” అని అడిగాడు. మామ నా చిటికెన వేలు ఎత్తి చూపించాడు. చాచా నవ్వాడు.

మళ్లీ ఆదివారం ముసలమ్మనూ మాస్టారినీ ఎక్కించుకుని బయలుదేరాం. మామ పిలిస్తే చాచా కూడా వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. కొంత దూరం పోయాక ఆమె, వంతెన ఇంకా రాలేదా అని కొడుకును అడిగింది. అప్పటికే చప్పుడు లేకుండా దాటేశాం.

తర్వాత నేను నర్సునై ఈ ఊళ్లోనే ముప్పై ఏళ్లు పనిచేశాను. మిషన్ అంకె బాగానే ఉందని చూపించినా, రోగి ముఖం ఇంకో మాట చెబితే మళ్లీ నాడి పట్టి చూసేదాన్ని. ఆ అలవాటు మామ పెట్టిందే. కానీ ఆయనకు నేను ఎక్కువగా రుణపడింది దానికి కాదు. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయిని వార్డంతా వినేలా కోప్పడ్డాను. తీరా చూస్తే చార్టులో తప్పు రాసింది నేనే. పక్కకు పిలిచి చెబితే సరిపోతుందని మనసు ఎంతో పోరింది. పొద్దున రౌండ్‌కు అందరూ వచ్చేదాకా ఆగి, ఆ మంచాల మధ్యే నిలబడి ఆమెకు క్షమాపణ చెప్పాను. నా చేతులకూ చెమట పట్టింది. అయినా చెప్పగలిగాను, ఎలా చెప్పాలో ఒకరు నా చెయ్యి పట్టుకుని చూపించారు కనుక.