మిట్ట మీద ఇల్లు, వాగులో కాపురం

మా ఊళ్ళో చినుకు పడకపోయినా మా వాగు పొంగుతుంది. ఉదయగిరి కొండల్లో కురిస్తే చాలు, పూట తిరిగేలోపల నీళ్ళు గడప దగ్గరుంటాయి. నేను కాపురానికి వచ్చాక ఇల్లు రెండుసార్లు కొట్టుకుపోయింది. మొదటిసారి ప్రభుత్వం సాయం చేస్తే మళ్ళీ అదే పల్లంలో కట్టుకున్నాం. రెండోసారి మా అత్తను వీపున వేసుకుని నడుంలోతు నీళ్ళలో దాటాను. ఆమెకు మోకాళ్ళు పట్టేసి ఏళ్ళయింది. నా నడుం అప్పటినుంచి నా మాట వినడం మానేసింది. ఇంకోసారి మోయాల్సి వస్తే ఇద్దరం పోతామని నాకు తెలుసు. అందుకే ఈసారి ఇల్లంటూ కడితే మిట్ట మీదే కట్టాలని పట్టుబట్టాను.

ఆ రోజుల్లో మా గురించి మాట్లాడనివాళ్ళు లేరు. ఆత్మకూరు బస్సులో ఒకాయన, ఇస్త్రీ చొక్కా మనిషి, అందరికీ వినబడేలా చెబుతున్నాడు. వాగులో ఇల్లు కట్టుకోవడం, అది కొట్టుకుపోవడం, గవర్నమెంటు మళ్ళీ కట్టివ్వడం, మన పన్నులన్నీ ఏట్లో పోసినట్టేనట. మీ ఇల్లెక్కడ సామీ అని అడిగాను. చెప్పాడు. అది చెరువు పూడ్చి వేసిన ప్లాట్లని బస్సులో అందరికీ తెలుసు. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన నోరు మూయించి నేను బావుకున్నదేముంది? వాగులో కట్టొద్దని ఆయనన్నదే నేనూ ఇంట్లో అంటున్నాను.

గ్రామసభలో మిట్ట మీదకు పోతే నీళ్ళెవరు మోస్తారని కొందరు, పల్లంలోనే ఉంటే శవాలెవరు మోస్తారని కొందరు కొట్లాడుకున్నారు. మా ఆయనది మాత్రం ఒకటే మాట, మిట్ట గొర్రెలదని. మాది గొర్రెలు కాసే ఇల్లు. తాతల నాటినుంచీ ఎత్తు నేల గొర్రెలకు, పల్లం మనుషులకు. తడి నేల మీద పడుకుంటే గొర్రెకు గిట్టలు కుళ్ళుతాయి, మనిషైతే కాళ్ళు కడుక్కుంటాడు. ఈ లెక్క ప్రకారం ఏ వరదలోనూ మాకు ఒక్క గొర్రె పోలేదు. పోబోయింది మేమే. ఇంత తెలివి లోకంలో ఇంకెవరికైనా ఉందా?

చివరికి నా పట్టే నెగ్గింది. మిట్ట మీద జాగా చూడటానికి ఇంజనీరు వచ్చింది పట్టపగలు. గొర్రెలు మేతకు పోయాయి. వాటి కాళ్ళు తొక్కి తొక్కి చదునుచేసిన దొడ్డి నేల ఆయన కళ్ళకు ఖాళీ జాగాలా కనబడింది. చుట్టూ ఉన్నదంతా అడవి భూమి, రాయి కదిలించినా కేసే. ఉన్నది ఈ జాగా ఒక్కటే కదా అని అక్కడే పునాదికి ముగ్గు పోయించాడు. సార్, అది దొడ్డి, ఆ కొసన గొర్రెలకు నాలుగు రేకులు వేయించండి అని అడిగాను. స్కీము మనుషులకమ్మా, గొర్రెలు ఎక్కడో ఒకచోట పడుకుంటాయిలే అని జీపెక్కాడు.

ఇల్లు లేచింది. ఒక్క గది, పైన శ్లాబు, ముందు కప్పులేని అరుగు. పాలు పొంగించాం. అంతలోనే ముసురు పట్టింది, అదేమో గొర్రెలు ఈనే కాలం. మా ఆయన మందను తోలుకొచ్చి గదిలో పెట్టి తలుపేశాడు. రెండు రోజులే అన్నాడు. ఆ రెండు రోజులు దసరా దాటాయి, దీపావళి దాటాయి. మేం మాత్రం కింద వాగు పక్కనే పాక వేసుకుని ఉన్నాం. అరిచాను, అలిగాను, వింజమూరులో పుట్టింటికి పోయి కూర్చున్నాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఈలోపల ఎవరో ఫోటో తీసి, గవర్నమెంటు ఇల్లిస్తే గొర్రెలకిచ్చారని ఊరూరా ఫోన్లలో తిప్పారు. ఆ ఫోటోలో గడపలో నిలబడిన పొట్టేలు మా ఆయనకన్నా దర్జాగా ఉంది. ఆ కోపంలోనూ నాకు నవ్వొచ్చింది, దానికి ఇంకా మండింది.

కార్తీకంలో ఒక పొద్దున, మందను మేతకు వదలకముందే, జోరు వానలో వాగు వచ్చింది. ఏది రాకూడదని ఊరందరితో గొడవపడ్డానో అదే వచ్చింది. అత్తను మళ్ళీ వీపున వేసుకున్నాను. ఎలా ఎక్కానో తెలియదు, ఎక్కాను. మిట్ట మీద మా ఆయన తలుపు తెరిస్తే లోపల కాలు పెట్టే సందు లేదు. గోడ వారగా అప్పుడే ఈనిన పిల్లలు, ఇంకా ఒళ్ళు ఆరనివి. బయటికి తోలమని అరిచాను. ఆయన కర్ర తీసుకున్నాడు కూడా.

అరుగు మీద కూలబడిన అత్త అన్నది, "తోలబాకురా. అవి తడిస్తే పొద్దుగూకే లోపల చస్తాయి. నేను తడిస్తే ఆరతాను."

ఆమె మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆమె ఒక్కతైనా లోపల పట్టకపోతుందా అని కాలితో రెండు గొర్రెలను నెట్టి చూశాను. పిల్ల ఒకటి కాలికింద పడి కీచుమంది. నేనూ ఈ ఇంటి కోడలినే. తలుపు నేనే దగ్గరికి వేసి, అత్త తల మీద యూరియా సంచి పట్టుకుని, మా సొంత ఇంటి ముందు వానలో కూర్చున్నాను.

నీళ్ళు తగ్గేసరికి కింద పాక లేదు. అత్తకు దగ్గు పట్టుకుంది. నష్టం రాసుకోవడానికి ఆఫీసరు వచ్చి, మీకు ఇల్లుంది కదమ్మా, ఇంకేం రాయాలి అన్నాడు.

"ఇల్లుండాది సార్. గొర్రెలకు నాలుగు రేకులేయించండి, రేపే మేం ఎక్కుతాం" అన్నాను.

అది స్కీములో లేదన్నాడు. ఇల్లు పోయిన ప్రతిసారీ మళ్ళీ కట్టడానికి ఉన్న దారి, నాలుగు రేకులకు లేదు.

జీపు పోయాక మా ఆయన కిందికి దిగి, పాత పాక గుంజలు పాతిన చోట్లు వెతికాడు. ఒండ్రు నిండి ఉన్నాయి.

"గునపం ఇట్టా ఇయ్యి. పాత గుంతలే, మెత్తగా ఉండాయి, తొందరగా అయిపోద్ది" అన్నాడు.

తిడదామని నోరు తెరిచాను. మిట్ట మీద అరుగు మీంచి అత్త దగ్గు వినబడుతోంది. పొద్దుగూకేలోపల ఆమెను ఎక్కడో ఒకచోట పడుకోబెట్టాలి. గునపం అందించాను.